విద్యుద్గిటారునకు చెవి

తంత్రీవాద్యములన్నిటికిని పుట్టుకతోనే ఒక చిక్కు కలదు. తీగె మిక్కిలి సన్ననిది. అది ఎంత వేగముగా కదలినను గాలిని కోసికొని పోవునే గాని గాలిని నెట్టజాలదు. అందుచేతనే వీణకు కుండయు, తంబురాకు బుర్రయు, వయొలినునకు పలుచని చెక్కపెట్టెయు ఏర్పడినవి. తీగె కదలికను గుర్రము పలకకు అందించును. పలక గాలిని కదల్చును. ఆ గాలి శ్రోత చెవిని చేరును. విద్యుద్గిటారు ఈ మార్గమును చాలవరకు విడిచిపెట్టినది. దాని శరీరము సాధారణముగా ఒక గట్టి చెక్కదిమ్మ. యాంప్లిఫైయరు లేకుండ దానిని మీటినచో ప్రక్కగదిలోనివారికి కూడ సరిగా వినబడదు. తీగెల క్రింద అమర్చిన ఒక చిన్నపెట్టె ఆ కదలికను విద్యుత్తుగా మార్చి పంపగా, దానిని పెంచి లౌడ్‌స్పీకరు వినిపించును. ఈ చిన్నపెట్టెకే పికప్పు అని పేరు. గిటారునకు ఇది చెవి వంటిది.

ఈ చెవులలో పలు రకములున్నవి. ఒకే గిటారునకు, ఒకే తీగెలకు, ఒక పికప్పు తీసి మరియొకటి అమర్చినచో నాదము మారిపోవును. ఒకటి గాజుపలుకులవలె గలగలలాడును. మరియొకటి నిండుగా, గుండ్రముగా మ్రోగును. ఈ భేదమును గూర్చి వాయించువారిలో వాదములకు అంతులేదు. అమ్మువారి ప్రకటనలకును అంతులేదు. పాతకాలపు పికప్పులకు ఏదో మహిమ కలదని నమ్మి వేలకొలది రూపాయలు వెచ్చించువారున్నారు. అందులో ఎంత భౌతికశాస్త్రము, ఎంత నమ్మకము అను ప్రశ్నకు కొలతలతోనే సమాధానము చెప్పవచ్చును.

అమెరికాలో 1920లలో నాట్యబృందములు పెద్దవైనప్పుడు, బాకాల మధ్య గిటారు ధ్వని వినబడకపోయెను. మైక్రోఫోను ముందు పెట్టి చూచిరి. అది గిటారుతోపాటు బాకాలను కూడ వినుచుండెను. తీగెను తప్ప మరి దేనిని విననట్టి సాధనము కావలసివచ్చెను. జార్జి బోషాం అను హవాయి గిటారు వాదకుడు 1931లో గుర్రపులాడము ఆకారపు అయస్కాంతములతో అట్టి సాధనమును రూపొందించెను. అడాల్ఫ్ రికెన్‌బ్యాకరుతో కలిసి 1932లో దానిని అమ్మకమునకు పెట్టెను. గుండ్రని చిన్న శరీరము, పొడవైన దండి ఉండుటచే ఆ వాద్యమునకు ‘వేపుడు పెనము’ అని ముద్దుపేరు వచ్చినది. పేటెంటు మాత్రము 1937లో గాని లభింపలేదు.

పికప్పులో ముఖ్యమైనవి రెండే వస్తువులు: అయస్కాంతము, దానిచుట్టు చుట్టిన రాగితీగె. ఫెండరు కంపెనీ 1954లో వెలువరించిన స్ట్రాటోకాస్టరు గిటారును ఉదాహరణముగా తీసికొనవచ్చును. దాని పికప్పులో ఆరు తీగెలకు ఆరు అయస్కాంతపు స్తంభములుండును. వానిచుట్టు సుమారు 8,000 మారులు రాగితీగెను చుట్టుదురు. ఆ తీగె మందము 0.063 మిల్లీమీటరులు, అనగా తలవెంట్రుక పాటిది. చుట్టనంతయు విప్పి పరచినచో ఒక కిలోమీటరునకు మించిపోవును. అయస్కాంతపు సాన్నిధ్యమువలన పైనున్న ఉక్కుతీగె తానే ఒక చిన్న అయస్కాంతమగును. అది కంపించునపుడు రాగిచుట్ట గుండ పోవు అయస్కాంత క్షేత్రము హెచ్చుచు తగ్గుచు ఉండును. క్షేత్రము మారినపుడెల్ల చుట్టలో విద్యుత్తు పుట్టునని ఫారడే 1831లో నిరూపించినదే ఇచట జరుగుచున్నది. నైలాను తీగెకు ఈ పికప్పు పూర్తిగా చెవిటిది. కంచు తీగెను కూడ అది వినదు. లోపల ఉక్కునరము ఉన్నచో దానిని మాత్రమే వినును.

ఇచట ఒక విశేషము కలదు. చుట్టలో పుట్టు వోల్టేజి తీగె ఎంత దూరము కదలినదను దానిపై కాక, ఎంత వేగముగా కదలుచున్నదను దానిపై ఆధారపడును. తీగెలో మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అనుస్వరములు కూడ కలిసి పలుకుచుండును. వాని కదలిక చిన్నదైనను వేగము తక్కువకాదు. కావున పికప్పు అనుస్వరములను ఉన్నదానికన్న కొంత ఎక్కువచేసి వినును. విద్యుద్గిటారు నాదమునందలి తళుకునకు ఇది మొదటి కారణము.

రెండవది, పికప్పు ఉన్న చోటు. స్ట్రాటోకాస్టరునందు తీగె పొడవు 648 మిల్లీమీటరులు. దండివైపు పికప్పు గుర్రమునుండి సుమారు నాలుగవవంతు దూరమున, అనగా 162 మిల్లీమీటరుల వద్ద ఉండును. గుర్రమువైపు పికప్పు దాదాపు 45 మిల్లీమీటరుల వద్ద ఉండును. లెక్కవేసినచో మూలస్వరపు కదలిక మొదటి చోట రెండవ చోటికన్న మూడింతలకు పైగా ఉండును. నాలుగవ అనుస్వరము సంగతి తద్విరుద్ధము: తీగెలో నాలుగవవంతు వద్ద దానికి అస్పందన స్థానము వచ్చును గనుక దండివైపు పికప్పు దానిని దాదాపు విననే వినదు, గుర్రమువైపు పికప్పు చక్కగా వినును. దండి దగ్గర నాదము మెత్తగా, గుర్రము దగ్గర కరకుగా ఉండుటకు ఇదియే కారణము. వీణను మీటువారు కూడ గుర్రమునకు చేరువగా మీటినచో నాదము బిరుసెక్కుట ఎరుగుదురు. అయితే ఈ లెక్క వట్టితీగెకే వర్తించును. పండ్రెండవ మెట్టువద్ద నొక్కినచో తీగె సగమగును. అదే పికప్పు ఇప్పుడు సరిగా నడుమకు వచ్చును. వినబడని అనుస్వరములు వేరగును. పికప్పు సరిగా ఫలానా అస్పందన స్థానమున ఉండుటచేతనే ఆ గిటారునకు అంత మాధుర్యము వచ్చినదని చెప్పువారు, వాదకుని ఎడమచేయి ఊరకుండదను సంగతిని మరచుచున్నారు.

ఒక్క చుట్టతో చేసిన పికప్పునకు సింగిల్ కాయిల్ అని పేరు. దాని లోపము కూడ దాని పనితనములోనే ఉన్నది. తీగె కలిగించు క్షేత్రపు మార్పును వినునట్లే, ఇంటి విద్యుత్తీగెలు, ట్రాన్స్‌ఫార్మరులు, గొట్టపుదీపముల చోకులు కలిగించు మార్పును కూడ అది వినును. భారతదేశమున సెకనుకు 50, అమెరికాలో 60 మారులు ఊగు ఏకాంతర విద్యుత్తు తుమ్మెద రొదవలె స్పీకరులో వినబడును. దీనినే హమ్ము అందురు.

గిబ్సను కంపెనీలో ఇంజనీరగు సెత్ లవర్ దీనికి కనుగొన్న ఉపాయము సులభమైనది, అందమైనది. ఆయన రెండు చుట్టలను ప్రక్కప్రక్కన పెట్టెను. ఒకదానిలో అయస్కాంతపు ఉత్తరధ్రువము పైకి, రెండవదానిలో దక్షిణధ్రువము పైకి ఉండును. విద్యుత్తు ప్రవహించు దిశ కూడ రెండవ చుట్టలో ఎదురుగా ఉండును. బయటి రొదకు అయస్కాంతములతో పనిలేదు. రెండు చుట్టలలోను అది సమానముగా పుట్టి, చుట్టుదిశ ఎదురగుటచే ఒకదానినొకటి కొట్టివేయును. తీగె ధ్వని సంగతి వేరు. ధ్రువము మారుటచే అది ఒకమారు తలక్రిందులగును. చుట్టుదిశ మారుటచే మరల తలక్రిందులగును. రెండుమారులు తిరుగవేసిన కాసు మొదటి ముఖమే చూపునట్లు, రెండు చుట్టల ధ్వనులు ఒకే దశలో కలిసి బలపడును. లవర్ 1955లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను; అది 1959లో లభించెను. ఈ నడుమ తయారైన పికప్పుల అడుగున ‘పేటెంటునకు దరఖాస్తు చేయబడినది’ అను చీటీ అంటించెడివారు. నేడు వేలములలో అధిక ధర పలుకునవి ఆ చీటీ గలవే. ఈ రకమునకు హంబకర్ అని పేరు. రొదను ఎదిరించునది అని అర్థము.

రొద పోయినది. కాని దానితోపాటు తళుకు కూడ కొంత పోయినదని చాలమంది వాదకులు గ్రహించిరి. దీనికి సాధారణముగా చెప్పు కారణము, రెండు చుట్టలు తీగెను రెండు చోట్ల వినుట. చుట్టల నడుమ దూరము సుమారు 19 మిల్లీమీటరులు. ఒక చోట తీగె పైకి, రెండవ చోట క్రిందికి కదలు అనుస్వరములు రద్దగును. అయితే ఏ అనుస్వరములు? లెక్కకట్టినచో గిబ్సను గిటారుపై అది 33వ అనుస్వరము దగ్గర సంభవించును. సెకనుకు 82 మారులు కంపించు లావుతీగెపై అది సుమారు 2,700 కంపనముల వద్ద పడును. అది వినదగిన మార్పే. 330 మారులు కంపించు సన్నతీగెపై మాత్రము 10,800 దాటిపోవును; అంత పైస్వరములు గిటారు స్పీకరునుండి ఎటులను రావు. అయినను సన్నతీగెపై కూడ హంబకర్ మెత్తగానే పలుకుచున్నది. కావున ముఖ్యకారణము వేరొకచోట ఉండవలెను.

ఆ కారణము పికప్పులో మాత్రమే లేదు. పికప్పునకు యాంప్లిఫైయరునకు నడుమనున్న కేబులులో కూడ ఉన్నది. చుట్టకు ప్రేరకత్వము కలదు. దానిని హెన్రీలలో కొలుతురు. కేబులులో నడిమితీగెకు, పైవలకు నడుమ కెపాసిటీ కలదు. మీటరుకు సుమారు 100 పికోఫారడులు. ఈ రెండును కలిసినపుడు రేడియోలోని ట్యూనింగు సర్క్యూటు వంటిదే ఏర్పడును. అది ఒకానొక పౌనఃపున్యము వద్ద అనునాదము చెంది, ఆ ప్రాంతపు స్వరములను ఎత్తి చూపును. అంతకు పైనున్నవానిని వేగముగా తగ్గించివేయును. సింగిల్ కాయిలుకు 2.2 హెన్రీలు, అయిదు మీటరుల కేబులునకు చుట్టయొక్క సొంత కెపాసిటీతో కలిపి 600 పికోఫారడులు అనుకొన్నచో, ఈ శిఖరము సుమారు 4,400 కంపనముల వద్ద నిలుచును. హంబకరులో రెండు చుట్టలు వరుసగా కలిసి 4.4 హెన్రీలగును, శిఖరము 3,100కు దిగును. మనుష్యుని చెవి మిక్కిలి సూక్ష్మముగా వినుచోటు సరిగా ఈ ప్రాంతమే. నాలుగు వేలకు పైనున్న శిఖరము గాజుపలుకుగా, మూడు వేల దగ్గరిది గట్టిపలుకుగా, రెండు వేలకు దిగినది మూసిన గొంతుగా తోచును. పికప్పులను పోల్చుటకు ఈ ఒక్క సంఖ్య అమ్మువారి విశేషణములన్నిటికన్న మేలు.

ప్రకటనలలో ఈ సంఖ్య అరుదు. దానికి బదులు నిరోధమును చెప్పుదురు: ఇది 6,000 ఓములది, అది 8,000 ఓములది, ఇంకొకటి 14,000 ఓములది, కావున ఎక్కువ బలమైనది అని. ఓములు నాదమును చెప్పవు. చుట్ల సంఖ్య మారకుండ సన్ననితీగె వాడినచో ఓములు పెరుగును, బలము పెరుగదు. ఒకే రకపు పికప్పులను తమలో తాము పోల్చుటకు మాత్రమే ఆ అంకె కొంత పనికివచ్చును.

హంబకరులో రెండు చుట్టలను వరుసగా కాక సమాంతరముగా కలిపినచో ప్రేరకత్వము నాలుగవవంతునకు, అనగా 1.1 హెన్రీలకు పడిపోవును. శిఖరము 6,200కు ఎగబ్రాకును. ధ్వని తగ్గును గాని రొద మరల రాదు. ఒక చుట్టను ఆర్పివేసి రెండవదానినే వాడు పద్ధతియు కలదు. అందులో తళుకుతోపాటు రొద కూడ తిరిగివచ్చును. ఈ రెంటిలో మొదటిదే తెలివైనదైనను, ఎందుచేతనో రెండవదే ఎక్కువ వాడుకలో నున్నది. ఇక గిబ్సను 1946లో తెచ్చిన పి-90 ఒకే చుట్ట గలదే, కాని చుట్లు సుమారు 10,000. కావున అది సింగిల్ కాయిలుకు, హంబకరునకు నడిమిదిగా పలుకును. రొద మాత్రము మొదటిదాని పాలు.

స్ట్రాటోకాస్టరులో మూడు పికప్పులు, మూడు స్థానముల స్విచ్చి ఉండెడివి. వాదకులు ఆ స్విచ్చిని రెండు స్థానముల నడుమ నిలిపి, రెండు పికప్పులు ఒకేమారు పలుకునట్లు చేసికొనిరి. కంపెనీ 1977లో అయిదు స్థానముల స్విచ్చిని తానే అమర్చెను. ఆ నడిమి నాదమును ‘ఎదురుదశ’ అనుట పరిపాటియైనది, అది పొరపాటు. రెండును ఒకే దశలో, సమాంతరముగా కలిసియున్నవి. నిజముగా ఎదురుదశయే అయినచో మూలస్వరము చాలవరకు రద్దై, డొల్లధ్వని మాత్రమే మిగులును.

టోను బిరడ చేయు పని ఇప్పుడు తేటపడును. అందులో ఒక మారునిరోధము, ఒక కెపాసిటరు ఉండును. హంబకరునకు సాధారణముగా 0.022 మైక్రోఫారడు, సింగిల్ కాయిలుకు 0.047 వాడుదురు. బిరడ పూర్తిగా తెరచియున్నపుడు కెపాసిటరునకు ముందు లక్షల ఓముల నిరోధము అడ్డుండును గనుక అది దాదాపు లేనట్లే. బిరడను త్రిప్పుచు పోయినచో మొదట ఆ శిఖరము అణగును; నాదము చదునగును. పూర్తిగా మూసినపుడు వింత జరుగును. కెపాసిటరు అంతయు చుట్టతో కలియును. ఈమారు 500 కంపనముల ప్రాంతమున క్రొత్త శిఖరము లేచును. 1967 ప్రాంతమున ఎరిక్ క్లాప్టన్ క్రీమ్ బృందములో వాయించినపుడు ‘స్త్రీ నాదము’ అని పేరు పెట్టిన కమ్మని పలుకు ఇట్టిదే. యాంప్లిఫైయరును బాగుగా హెచ్చించి, టోనును మూసి దానిని రాబట్టెను. నూనె కాగితపు కెపాసిటరులు, పాత సరుకు కెపాసిటరులు ఎక్కువ ధరకు అమ్ముచున్నారు. విలువ ఒకటే అయినచో, ఈ కొలది వోల్టేజి వద్ద, కొన్ని పైసల కెపాసిటరు కూడ అదే పని చేయును. పాతవానిలో వ్రాసిన విలువ ఒకటి, నిజవిలువ మరియొకటి ఉండుట కద్దు. వినబడు భేదము అదియే.

వాల్యూం బిరడకును నాదముతో సంబంధము కలదు. సింగిల్ కాయిలుకు 2,50,000 ఓములు, హంబకరునకు 5,00,000 ఓములు వాడుట వాడుక. నిరోధము తగ్గినకొలది శిఖరము కురుచయగును. ముందే తళుకైన సింగిల్ కాయిలును కొంత అదుపుచేయుటకు, మెత్తనిదగు హంబకరునకు ఉన్నదానిని నిలుపుటకు ఈ ఏర్పాటు. పది మీటరుల కేబులు తగిలించినచో పికప్పు మార్చినంత భేదము వచ్చును. నాదము మూసికొని పోవుచున్నదని క్రొత్త పికప్పు కొనదలచినవారు ముందు కేబులును కురుచ చేసి చూచుట లాభము. గిటారులోనే 9 వోల్టుల బ్యాటరీతో చిన్న యాంప్లిఫైయరును అమర్చు రకములలో ఈ బాధ లేదు. కేబులు పొడవు అచట నాదమును తాకదు. ఆ ఒకే రకపు శుభ్రతయే కొందరికి గుణము, కొందరికి లోపము.

రొద విషయమున మరియొక ముఖ్యవిషయము కలదు. ఇది నాదమునకు కాక ప్రాణమునకు సంబంధించినది. తీగెలను చేతితో తాకగానే రొద తగ్గుట చాలమంది చూచియుందురు. వాదకుని శరీరము చుట్టుపట్ల విద్యుత్ క్షేత్రమును ఏరియలువలె గ్రహించుచుండును; తీగెలు గుర్రము ద్వారా యాంప్లిఫైయరు భూమితీగెకు కలుపబడియుండుటచే, తాకగానే అది భూమికి పోవును. అనగా వాదకుని చేతులు ఎల్లవేళల యాంప్లిఫైయరు చట్రమును పట్టుకొనియున్నట్లే. ఆ యాంప్లిఫైయరునకు గాని, ఎదుట నున్న మైక్రోఫోను పరికరమునకు గాని భూసంధానము చెడియున్నచో, పెదవి మైక్రోఫోనునకు తగులగానే విద్యుత్తు శరీరము గుండ పోవచ్చును. స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాదకుడు లెస్ హార్వే 1972లో వేల్సులోని స్వాన్సీ నగరమున, వేదికమీదనే, ఇట్లు మైక్రోఫోనును తాకి మరణించెను. రొద తగ్గునని మూడుమేకుల ప్లగ్గులో భూమిమేకును విరిచివేయుట, లేదా భూమిరంధ్రమునకు తీగెయే కలుపని సాకెట్టులో గ్రుచ్చుట ఎంత మాత్రము తగదు. హంబకర్ ఈ అపాయమును తీర్చదు. అది వినుదానిని తగ్గించునే గాని, ఉన్నదానిని తీసివేయదు.

ఆంధ్రదేశమునకును పికప్పు చేసిన ఉపకారము చిన్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, 2014లో మరణించు వరకు, కర్ణాటక సంగీతమును మాండలిన్‌పై వాయించెను. మామూలు మాండలిన్‌లో ఎనిమిది తీగెలు జంటలుగా ఉండును; మీటిన స్వరము వెంటనే ఆరిపోవును. పలుచని పలక గాలిని కదల్చుటకు తీగె శక్తిని త్వరగా ఖర్చుచేయుటయే దీనికి కారణము. స్వరము నిలువనిచో గమకమునకు చోటులేదు. శ్రీనివాస్ అయిదు ఒంటితీగెలు గల గట్టిచెక్క విద్యుత్ మాండలిన్‌ను వాడెను. గట్టిచెక్క తీగె శక్తిని అంతగా లాగుకొనదు. వినిపించు పని పికప్పు, యాంప్లిఫైయరు వహించును. తీగె తీరికగా మ్రోగుచుండును. ఎడమచేతితో తీగెను లాగి ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు సాగదీయుటకు ఆ తీరికయే ఆధారము.

నైలాను తీగెలకు, చెక్కపలక గల వాద్యములకు మరియొక రకపు పికప్పు వాడుదురు. కొన్ని స్ఫటికములను నొక్కినచో వానిలో విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. అట్టి పదార్థపు బిళ్ళను గుర్రము క్రింద పెట్టినచో అది అయస్కాంతముతో పనిలేకుండ ఒత్తిడినే వినును. తీగెతోపాటు పలకపై పడు వ్రేలిచప్పుడును కూడ వినును.

చివరకు, సాధారణముగా అయస్కాంత పికప్పునకు రెండు ప్రక్కల మరలు ఉండును; వానితో ఎత్తు మార్చవచ్చును. తీగెకు చేరువ చేసినచో ధ్వని పెరుగును. మరీ చేరువైనచో బలమైన అయస్కాంతము తీగెను క్రిందికి లాగి, నిలువు కంపనమునకు అడ్డ కంపనమునకు పౌనఃపున్యములో తేడా కలిగించును. అప్పుడు లావుతీగెపై పైమెట్లవద్ద స్వరము అలలుగా ఊగుచు, శ్రుతి తప్పినట్లు వినబడును. ఎన్ని బిరడలు సవరించినను అది పోదు. పికప్పును తీగెనుండి రెండు మూడు మిల్లీమీటరుల దూరమునకు దించినచో సాధారణముగా పోవును. దీనికి కావలసినది ఒక స్క్రూడ్రైవరు మాత్రమే.